పోస్ట్‌మాన్ ఎడమకాలి కేసు

"నేరం చేసినవాడు నోటితో అబద్ధమాడగలడు, కళ్లతో ఆడగలడు. కాళ్లతో మాత్రం ఆడలేడు. ఆడినా ఈ డేగకన్ను ముందు ఆ ఆటలు సాగవు," అని మా బావ ప్రకటించాడు. ఆ సమయానికి ఆయన నా ఫిజియోథెరపీ క్లినిక్‌లో బోర్లా పడుకుని మెడకి కాపడం పెట్టించుకుంటున్నాడు.

డేగకన్ను అనే బిరుదు ఆయనకి ఆయనే ఇచ్చుకున్నాడు. ఎవరో వెంబడిస్తున్నారన్న అనుమానంతో పదిహేనేళ్లుగా అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూడ్డంవల్ల మెడ పట్టేసింది. ఇంతవరకూ ఆయన్ని వెంబడించింది మా అక్క ఒక్కతే, అదీ మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి. అక్క మొగుడు కాబట్టి బయటికి నెట్టలేను.

ఆ రోజు ఆయన కన్ను పోస్ట్‌మాన్ మీద పడింది. ఇరవై రెండేళ్లుగా వీధివీధీ తిరిగి ఉత్తరాలు పంచిన మనిషి. మూడు నెలల క్రితం ఎడమ మడమ నొప్పితో నా దగ్గరికొచ్చాడు. నొప్పి తగ్గింది, కుంటు మొదలైంది. మర్నాడు వాళ్ల ఆఫీసుకి నా రిపోర్టు వెళ్లాలి. అది బాగోకపోతే ఆయన్ని వీధుల్లోంచి తీసేసి ముద్రలు కొట్టే బల్ల దగ్గర కూర్చోబెడతారు.

"కూర్చోబెడితే చచ్చిపోతాను సార్. నా ఇళ్లన్నీ ఇంకొకడికి ఇచ్చేస్తారు," అన్నాడు.

చిక్కేమిటంటే, నా గదిలో ఆయన కుంటడు. బూట్లు గుమ్మం దగ్గర విప్పించి, ఒట్టికాళ్లతో చాప మీద నడిపించి, పక్కనుంచీ వెనకనుంచీ చూశాను. అడుగు పొడవు కొలిచాను. తుంటి కండరాలు నొక్కి చూశాను. అంతా సవ్యంగా ఉంది. వీధిలో మాత్రం కుడివైపుకి ఒరిగి ఒరిగి నడుస్తున్నాడని వాళ్లావిడ రోజూ ఫోన్ చేస్తుంది. ఆరు వారాలుగా ఎక్సర్‌సైజులు చేయిస్తున్నా లాభం లేదు.

పోస్ట్‌మాన్ ఆ ఎక్సర్‌సైజుల కోసం లోపలి గదిలోకి వెళ్లగానే బావ లేచి కూర్చున్నాడు.

"లోపల బానే నడుస్తాడు, బయట కుంటుతాడు. అర్థమైందా బామ్మర్దీ?"

"లేదండీ."

"వీడు మామూలోడు కాదు. అంతర్జాతీయ ముఠా. ఆ కుంటడమే వాళ్ల సంకేతం. కుడికి ఒరిగితే సరుకు వచ్చినట్టు."

"ఏం సరుకండీ?"

"అది అందరికీ తెలిస్తే ఇంక ముఠా ఎందుకు?"

నవ్వొచ్చింది కానీ, నా సొరుగులో ఉన్న రిపోర్టు చదివితే ఎవరికీ నవ్వు రాదు. వద్దు వద్దంటూనే కూర్చునే పని కొట్టేద్దామని చూస్తున్నాడేమోనని, 'రోగి కావాలని నటిస్తున్నట్టు అనుమానం' అని ముందురోజే రాసి పెట్టుకున్నాను. బావ అనుమానంతో పోలిస్తే ముఠా ఒక్కటే తక్కువ. మాకు అంతుబట్టనిదల్లా రోగి తప్పే అనుకోవడం మా వృత్తిలో పాత అలవాటు.

"సాక్ష్యం నేను తెస్తా," అని బావ కర్టెన్ చాటునుంచి కర్టెన్ చాటుకి పాకి, గుమ్మం దగ్గర చేతికందిన నల్లబూట్లలో కాళ్లు దూర్చి వీధిలోకి మాయమయ్యాడు. ఆయన వచ్చింది చెప్పుల్లో అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పావుగంటలో తిరిగొచ్చాడు, కుడివైపుకి ఒరిగి ఒరిగి.

"నా మీద విషప్రయోగం జరిగింది బామ్మర్దీ," అని గుమ్మంలో కూలబడ్డాడు. "మూలమీద కొట్లో మంచినీళ్లు తాగాను. ఎడమకాలు పొడుగవుతోంది. మీ అక్కకి చెప్పు, నేను వీరమరణం పొందానని."

"లేచి ఒకసారి నడవండి."

"ఈ స్థితిలోనా?"

"నడవండి బావా."

నడిచాడు. పోస్ట్‌మాన్ వాళ్లావిడ ఫోన్‌లో వర్ణించిన నడకే, రవ్వంత తేడా లేదు.

"ఎవరి బూట్లండీ అవి?"

బావ కిందికి చూసుకుని కాస్త ఆలోచించాడు. "మారువేషం," అన్నాడు.

ఎడమ బూటు లాగి, లోపలి అట్ట ఎత్తాను. మడమ కింద వేలెడు మందాన రబ్బరు ముక్క. దాని మీద నా దస్తూరీతోనే 'రెండు వారాలు మాత్రమే' అని రాసి ఉంది. మడమ నొప్పికి నేనే పెట్టాను. తీయడం మర్చిపోయాను. బూట్లు విప్పించి చూడటమే పద్ధతి అనుకుని, వాటితో ఒక్కసారి కూడా నడిపించి చూడలేదు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పోస్ట్‌మాన్‌ని పిలిచి, ఆ ముక్క చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను. ఆయన బూట్లు తొడుక్కుని గేటుదాకా వెళ్లొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. తిన్నగా నడుస్తున్నాడు. మూడోసారి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"అయితే సార్, ఆరు వారాలు నేను గోడకి ఆనుకుని కూర్చుని లేచిందంతా దేనికి?"

"నా తెలివితక్కువతనానికండీ."

"ఆ మాట రిపోర్టులో రాస్తారా?"

పాతది చింపి, ఆయన ముందే కొత్తది రాశాను. 'నడక బాగుంది. ఇన్నాళ్లూ కుంటడానికి కారణం రోగి కాదు, వైద్యం చేసిన నేను.' కింద సంతకం పెట్టాను.

బావ నా భుజం మీదుగా అదంతా చదివి, జాలిగా నిట్టూర్చాడు.

"తొందరపడి ఒప్పేసుకున్నావు బామ్మర్దీ," అన్నాడు. "నేనింకా నిన్ను అనుమానించనే లేదు."