మోకాలెత్తు బజారు

ఒక దుకాణం ఒకే సమయంలో తెరిచీ, మూసీ ఉండగలదని లోకానికి నిరూపించిన ఘనత మా కోరుట్ల బట్టల బజారుకే దక్కవలెను.

అవి బందులు వానలకంటె క్రమం తప్పక వచ్చిన రోజులు. అడవిలోని అన్నలు దుకాణాలు మూయమనేవారు. ఠాణావారు తెరవమనేవారు. ఇద్దరి చేతులలోను తుపాకులు ఉన్నందువలన ఇద్దరి వాదనలోను న్యాయమున్నదని వర్తక సంఘం గ్రహించి, బందునాడు షట్టరును మోకాలెత్తు వరకే లేపవలెనని తీర్మానించినది. పైనుంచి చూస్తే మూసినట్టు, కిందనుంచి చూస్తే తెరిచినట్టు. (ఎవరి మోకాలన్న ప్రశ్న రాగా, అధ్యక్షులు శ్యాంసుందర్ రావుగారు కుర్చీలోంచి లేవకుండానే తమ మోకాలిని కొలతకు అనుగ్రహించినారు. వారి దొరల గడికి బట్టలే మూటలుగా నడిచి వచ్చును గనుక, ఈ విషయంలో వారు పూర్తిగా నిష్పక్షపాతులు.)

పడుచువారు పాకి లోపలికి పోయేవారు. అరవై దాటినవారి ప్రస్తావన తీర్మానంలో లేదు. చీరల వర్తకుడు మార్కండేయులు దుకాణానికి అసలు గిరాకీ వారే. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుండి, చాయ తాగి, చీరలన్నీ విప్పించి, అంచులు వేళ్ల నడుమ నలిపి చూసి, రేపు వస్తామని లేచేవారు. రేపు వచ్చేవారు కూడ.

ఒక బందునాడు మా వాడకట్టు లసుమవ్వ నన్ను తోడు తీసుకొని ఆ దుకాణానికి పోయినది. తెల్లవారితే బిడ్డ బాలలక్ష్మికి ఒడిబియ్యం పోయవలెను. కొత్త చీర పెట్టి బిడ్డ ఒడిలో బియ్యం పోసే ఆ వేడుకకు చీరను తల్లి స్వయంగా పట్టి చూసి కొనవలసినదే. నేతవారి ఇండ్లలో దీనికి మినహాయింపు లేదు. (కొడుకు సిరిసిల్లలో సాంచాలు, అనగా మరమగ్గాలు, నడుపును గాని, అక్కడ నేసేది తెల్లగుడ్డ.)

ఆమె నడుము వంగదు. నేను మోకరిల్లడం కాన్వెంటు ప్రార్థనామందిరంలో నేర్చుకున్నాను గాని, చీరల నిమిత్తం నేర్చుకోలేదు.

“మార్కండేయులూ, చీరలు బయటికియ్యి కొడుకా,” అన్నది లసుమవ్వ మెట్టు మీద కూర్చుండి.

“బయట ఇప్పితే దుకాణం తెరిచినట్టే పెద్దవ్వా,” అని షట్టరు వెనుకనుంచి జవాబు వచ్చినది. “చెయ్యి లోపలికి పెట్టి పట్టి చూడు.”

“రంగెట్ల తెలుస్తది?”

“నేను చెప్తగద.”

“నీ పెండ్లాన్ని గూడ గిట్లనే చూసినవా?”

అయినను చేయి పెట్టినది. ఒకటి పలుచన, ఒకటి గరుకు. చివరకు ఆమె ముఖం తేటపడినది.

“గిది. మన సాంచాల బట్ట లెక్కున్నది. గిదే కట్టు.”

షట్టరు వెనుక మార్కండేయులు వంగి ఆమె చేతిలోనిది చూసినాడు.

“పెద్దవ్వా, అది మీరు కూసునే పరుపు మీది దుప్పటి.”

“మరి గీడ ఎందుకున్నది?”

“మడిచి పక్కకు పెట్టిన. కూసునెటోల్లు అస్తలేరు గద. కావాల్నంటే తీస్కపో.”

లసుమవ్వ చేయి వెనుకకు తీసుకొని లేచినది. మరునాడు తన పెండ్లినాటి చీర పెట్టి బిడ్డకు ఒడిబియ్యం పోసినది. బజారు సంపూర్ణంగా మూతబడినదని ఒక పక్షము, యథావిధిగా నడిచినదని రెండవ పక్షము ప్రకటించినవి. రెండూ నిజమేనని సంఘం ధ్రువీకరించినది.

వంగలేనివారి కొరకు ఒక్క గంట షట్టరును పూర్తిగా లేపవలెనని నేను సంఘానికి అర్జీ పెట్టినాను. పరిశీలిస్తామన్నారు. ఆ యేడు దాటకముందే మార్కండేయులు షట్టరు ఒక బందునాడు పైదాకా లేచినది. దుకాణం ఖాళీ చేస్తుండగా, బీరువాలు మోకాలెత్తులో పట్టలేదు.