రాజుగారి రిబ్బనూ రెండో బిస్కెట్టూ

ఆ శుక్రవారం ఉదయం బారెల్ట్ పెట్టుకున్న పని ఒక్కటే. పడవ పక్కలకు ఆకుపచ్చ రంగు వేయాలి. ఎండ బాగా కాస్తోంది, గాలి లేదు, రంగు డబ్బా మూత తీసి కలిపి కూడా ఉంచాడు. కాఫీ ముగించి లేవబోతుంటే భార్య హార్మినా బిస్కెట్ల డబ్బాను మళ్ళీ అతని ముందుకు జరిపింది.

"ఇంకోటి తీసుకో."

బారెల్ట్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ డబ్బా కాఫీకి ఒక్కసారే తెరుచుకునేది. ఒక కప్పు, ఒక బిస్కెట్టు, టప్పుమని మూత. మేనత్త వచ్చినా అంతే, పాస్టరుగారు వచ్చినా అంతే. స్టీన్‌జీల్ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా అంతే. రెండో బిస్కెట్టు పెట్టారంటే ఎవరైనా పోయి ఉండాలి, లేదా తినేవాడి కొంపేదో మునగబోతూ ఉండాలి.

"ఎవరు పోయారు?" అన్నాడు.

"ఛీ, పొద్దున్నే ఏం మాటలవి? తిను. తిని నల్ల సూటు వేసుకో. నీన్కె కాఫీకి రమ్మంది."

"కాఫీ ఇప్పుడేగా తాగాం?"

"అక్కడ ఇంకోసారి తాగుదాం."

"కన్నకూతురి ఇంట్లో కాఫీకి సూటెందుకే?"

"పెట్టెలో పెట్టి పెట్టి ముక్కిపోతోంది. దానికి కాస్త గాలి తగలాలి."

"సూటుకి గాలి తగలాలంటే తాడు మీద ఆరెయ్యి. మధ్యలో నేనెందుకు?"

హార్మినా మెడ మీద ఎర్రటి మచ్చలు తేలాయి. అబద్ధం ఆడినప్పుడల్లా అవి తేలతాయి. ఆ మచ్చలు ఈ వారమంతా తేలుతూనే ఉన్నాయి. బారెల్ట్ చూస్తూనే ఉన్నాడు.

అసలు అనుమానం సోమవారం మొదలైంది. బట్టలుతికే గదిలో తలుపు దగ్గరగా వేసుకుని హార్మినా ఫోనులో గుసగుసలాడింది. "ఆయనకు తెలియనివ్వనులే. తెలిస్తే అసలు కదలడు. ఒకసారి అక్కడికి తెచ్చి కూర్చోబెడితే మిగతాది వాళ్ళే చూసుకుంటారు." మంగళవారం కాలువ గట్టు మీదికి వచ్చి అతన్ని పడవ ముందు నిలబెట్టి ఫొటో తీసింది. తీస్తూ, "కాస్త పక్కకి జరుగు, పడవ సరిగా కనపడట్లేదు" అంది. మొగుణ్ణి పక్కకి జరిపి పడవకి ఫొటో తీసే ఆడది ఎక్కడైనా ఉంటుందా? బుధవారం వంకాయ తరిగినంత మామూలుగా అడిగింది, "అవునూ, ఆ పడవ కొని ఎన్నేళ్ళయింది?" అని. ఈ మూడూ కలిపి చూసుకుంటే బారెల్ట్‌కు రాత్రి నిద్ర పట్టలేదు.

నిజమే, ఏప్రిల్ నెలాఖరులో ఇలాంటి గుసగుసలు వినపడితే ఆ దేశంలో ఎవరికైనా ముందు తోచేది రిబ్బనే. రాజుగారి పుట్టినరోజు పండుగకు ముందు, ఊరికి మేలు చేసినవాళ్ళను పిలిచి మేయరు చేత రిబ్బన్ పెట్టిస్తారు. ఆ సంగతి ఊరందరికీ తెలిసినా పుచ్చుకునేవాళ్ళకు మాత్రం తెలియకూడదు. అది మర్యాద. అందుకని ఇంట్లోవాళ్ళు ఏదో కథ అల్లి, మంచి బట్టలు తొడిగించి, మునిసిపల్ ఆఫీసుకు నడిపించుకుపోతారు. ఏడాది పొడుగునా నోట అబద్ధం రానివాళ్ళు కూడా ఆ వారం కళ్ళార్పకుండా అబద్ధాలాడతారు.

బారెల్ట్ ఆ దారిన కూడా ఆలోచించి చూశాడు. చూసి కొట్టిపారేశాడు. ఇద్దరు మనుషులు కలిస్తే ఒక సంఘం పెట్టే దేశంలో అతను ఏ సంఘంలోనూ చేరలేదు. వృద్ధులకు సూపు పంచలేదు, పిల్లలకు బంతాట నేర్పలేదు. వంతెన దగ్గర ఉద్యోగం చేశాడు, నెల నెలా జీతం తీసుకున్నాడు. అలాంటివాడికి కూడా రిబ్బన్ ఇస్తే రాజుగారికి దుకాణాల్లో గుడ్డ మిగలదు. కాబట్టి ఇది రిబ్బన్ కాదు. ఇది పడవ. అక్కడెక్కడో కూర్చోబెట్టి, కొనేవాణ్ణి ఎదురుగా పెట్టి, చేతికి కలమిచ్చి సంతకం పెట్టించేస్తారు.

ఆ పడవంటే అతనికి ప్రాణం. ఉద్యోగమంతా ఎవరెవరి పడవలకో వంతెన ఎత్తుతూ గడిపాడు. జెండాలు కట్టుకుని, చేతులూపుకుంటూ వాళ్ళు వెళ్ళిపోయేవారు, ఇతను మీట దగ్గర నిలబడి చూసేవాడు. పని మానేసిన ఏడాదే ఆ ముసలి పడవను కొన్నాడు. అది రోజూ కాస్త నీరు తాగుతుంది, తీరిక దొరికితే ఇంజను పని మానేస్తుంది. అయినా సరే, ఇన్నాళ్ళకు వంతెన తన కోసం లేస్తోంది. దాన్ని అమ్మితే తానిక మళ్ళీ గట్టు మీది మనిషే.

"సరే, సూటు వేసుకొస్తా" అని లోపలికి వెళ్ళాడు. నిజంగానే వేసుకున్నాడు. పాత బట్టల్లో కనపడితే ఆమెకు అనుమానం వస్తుందని అతని భయం. అనుమానించేవాడికి అందరూ అనుమానించేవాళ్ళలాగే కనపడతారు. బూట్లు చేత పట్టుకుని పెరటి తలుపు తీసి, కాలువ గట్టు దిగి, పడవెక్కి, తాడు విప్పాడు. వంతెన దాటితే అవతల పెద్ద చెరువు, చెరువుకు ఆవలి ఒడ్డున స్నేహితుడి కొట్టం. ఈ కొనేవాడి గొడవ చల్లారేదాకా అక్కడే తలదాచుకోవచ్చు.

ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. ఆ చప్పుడుకి హార్మినా నీలం గౌనులో పెరట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"బారెల్ట్! ఎక్కడికయ్యా?"

"గాలి తగలడానికి! నాకు కాదు, సూటుకి!"

హార్మినా గుండె మీద చెయ్యి వేసుకుని కూతురికి ఫోను చేసింది. "నీన్కే, మీ నాన్న పారిపోయాడే! పడవేసుకుని వంతెన వైపు పోతున్నాడు!" అని, సైకిలెక్కి కాలువ గట్టు పట్టింది.

బారెల్ట్ వెనక్కి తిరిగి చూసి నవ్వుకున్నాడు. ఒక్క ఆడమనిషి, ఒక సైకిలు. ఫరవాలేదు. కానీ మునిసిపల్ ఆఫీసు దారి కాలువను కలిసే మలుపులో ఇద్దరు ఆడవాళ్ళు సైకిళ్ళ మీద ప్రత్యక్షమయ్యారు. వాళ్ళ వెనక నలుగురు. వాళ్ళ వెనక ఒక తండా. రంగు రంగుల తలగుడ్డలు, పండుగ బట్టలు, సైకిళ్ళకు కాగితం పూలు. ఒకావిడ ఏకంగా పొదలోకి వెళ్ళి, ఆకులతో సహా తిరిగొచ్చింది. పరాయి దేశాల నుంచి వచ్చి ఊళ్ళో స్థిరపడ్డ ఆ మొహాలు అతనికి లీలగా తెలుసు. శనివారాలు హార్మినా చర్చి వెనక స్థలానికి పోయి కలిసేది వీళ్ళనే. అక్కడ ఏం చేస్తుందో అతను అడగలేదు. శనివారం అతను పడవలో ఉంటాడు.

"అమ్మో, ఒక్కడు కాదన్నమాట. వేలం పెట్టారు!" అనుకున్నాడు.

ముందున్న సెలామ్ అనే పిల్ల రొప్పుతూ అరిచింది. "బాబాయ్ గారూ! ఆగండి! అక్కడ అందరూ ఎదురు చూస్తున్నారు!"

"చూడనీ! ఎంతిచ్చినా అమ్మను!"

"ఏం అమ్మరు?"

వెనక నుంచి హార్మినా కేక. "సెలామ్! మలుపులో చెయ్యి చూపించాలని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

తండా మొత్తం ఒక్కసారిగా చెయ్యి చాపింది. చాపేసరికి సగం మంది ఒకరి మీదికొకరు పోయారు.

బారెల్ట్ వంతెన ముందుకొచ్చి బూర ఊదాడు. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, మళ్ళీ ఒకటి పొడుగ్గా. ఇప్పుడు అక్కడ పని చేసే షూర్డ్ అతని దగ్గరే పని నేర్చుకున్నాడు. నేలమీద ఉన్నవాడు ఆగగలడు, నీళ్ళమీద ఉన్నవాడు ఆగలేడు, ముందు వాడికే దారి ఇవ్వాలన్నది బారెల్ట్ నేర్పిన పాఠం. షూర్డ్ గంట కొట్టాడు, అడ్డుకర్రలు దిగాయి, వంతెన లేచింది. సరిగ్గా అదే సమయానికి అవతలి గట్టున ఒక నల్లకారు వచ్చి అడ్డుకర్ర ముందు ఆగింది. దాని వెనక పాలబండి, దాని వెనక బస్సు.

పడవ వంతెన నడుమకు చేరిందో లేదో, ఇంజను నిండు సభలో తుమ్మినట్టు తుమ్మి ఆగిపోయింది.

"బారెల్ట్ గారూ, కదలండి! వంతెన దించాలి!" అన్నాడు షూర్డ్ పైనుంచి.

"ఇంజను ఆగింది!"

"గెడ ఉందిగా, తొయ్యండి!"

బారెల్ట్ గెడ అందుకున్నాడు. ఇవతలి గట్టున భార్య, అప్పుడే వచ్చి చేరిన కూతురు, సైకిళ్ళ తండా. అవతలి గట్టున ఎవరిదో నల్లకారు. కొనేవాడు కూడా వచ్చాడన్నమాట. ఎటు పోయినా దొరికిపోతాడు. రెండు గోడల మధ్య నీళ్ళలో ఉన్నంతసేపూ ఎవరూ ఏమీ చేయలేరు. గెడ పక్కన పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"తొయ్యను. మీరంతా ఇళ్ళకి పొండి."

బస్సు హారన్ కొట్టింది. పాలబండి దానికి తోడందుకుంది. నీన్కె గట్టు అంచుదాకా వచ్చి నెత్తి కొట్టుకుంది. "నాన్నా! ఊరంతా ఆగిపోయింది. ఏం పట్టింది నీకు?"

"నా పడవ అమ్మనివ్వను!"

"ఎవరమ్ముతున్నారు?"

"మీ అమ్మనడుగు! ఫొటోలు తీసింది, వయసు అడిగింది. కొనేవాళ్ళు కూడా ఇదిగో, పూలు పెట్టుకుని వచ్చారు!"

సెలామ్ ఆ పడవను ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది. పెచ్చులూడిన పక్కలు, తాడుతో కట్టిన చుక్కాని, అడుగున ఊరుతున్న నీరు. "మీరు ఊరికే ఇచ్చినా నాకొద్దు బాబాయ్ గారూ" అంది ఎంతో మర్యాదగా.

హార్మినా ఇక ఆపుకోలేకపోయింది. "ఓరి మొండిఘటమా! పడవా కాదు, గిడవా కాదు! రిబ్బనయ్యా! రాజుగారు నీకు రిబ్బన్ ఇస్తున్నారు!"

"నాకా? ఎందుకు?"

"నాకేం తెలుసు? నేనూ వారం నుంచీ అదే ఆలోచిస్తున్నాను!"

అవతలి గట్టున నల్లకారు తలుపు తెరుచుకుంది. మెడలో బంగారు గొలుసుతో, చేతిలో చిన్న పెట్టెతో మేయరుగారు దిగింది. పై ఊళ్ళో ఇద్దరికి రిబ్బన్లు పెట్టి వస్తూ ఇక్కడ ఇరుక్కుంది. ఆమె గొంతు సవరించుకుని, "ఏమనుకోకండి. ఈ పెట్టెలో ఉన్నది ఆయనకి కాదు" అంది.

బారెల్ట్ ఎగిరి నిలబడ్డాడు. పడవ ఊగింది. "చూశావా! నాకు తెలుసు! నాకెందుకిస్తారు?" రిబ్బన్ రానందుకు అంతగా సంతోషించిన మనిషి ఆ దేశ చరిత్రలో మరొకడు ఉండడు. సంతోషం తీరాక అనుమానం తిరిగొచ్చింది. "మరి ఎవరికి?"

సెలామ్ సైకిలు గంట ఒకసారి మోగించింది. పక్కావిడ మోగించింది. తర్వాత గట్టంతా గంటలే. ఎవరి కోసమా అని హార్మినా వెనక్కి తిరిగి చూసింది. వెనక కాలువ తప్ప ఏమీ లేదు.

నీన్కె తల్లి చెయ్యి పట్టుకుంది. "నీకేనమ్మా. నీకని తెలిస్తే నువ్వు వచ్చేదానివా? 'నాకెందుకు, ఇంకెవరికన్నా ఇవ్వమను' అని దుప్పట్లు ఉతకడానికి కూర్చునేదానివి. నాన్నకని చెప్తేనే సూటు ఇస్త్రీ చేసి మరీ బయల్దేరతావని, నమ్మించడానికి ఆ ఫొటో, పడవ వయసూ కూడా అడిగాను..."

"నేనేం చేశానే? సైకిలు పట్టుకుని వెనక పరిగెత్తాను, అంతేగా."

"వదిలేశాక కూడా 'పట్టుకునే ఉన్నా, పట్టుకునే ఉన్నా' అని అరిచేదానివమ్మా. మేమంతా నమ్మి తొక్కేశాం" అంది సెలామ్. ఇంత కాలంలో హార్మినా మెడ ఎర్రబడకుండా ఆడిన అబద్ధం అదొక్కటే.

ఇప్పుడు చిక్కేమిటంటే రిబ్బన్ అవతలి గట్టున ఉంది, మనిషి ఇవతలి గట్టున ఉంది. వంతెన నిలువునా ఆకాశంలో ఉంది. బారెల్ట్ సూటు గుండీలు పెట్టుకున్నాడు. గెడ అందుకుని పడవను అవతలి గట్టుకు తోసి, మేయరుగారికి చెయ్యి అందించాడు. "కాలు ఆ పక్కన పెట్టకండమ్మా, అక్కడ చెక్క మెత్తగా ఉంటుంది." మళ్ళీ ఇవతలికి తోసి భార్యను ఎక్కించుకున్నాడు. పడవ దారిలోంచి తప్పుకుంది కాబట్టి షూర్డ్ ఇప్పుడు వంతెన దించవచ్చు. దించలేదు. టోపీ తీసి పట్టుకున్నాడు. బస్సు హారన్ కూడా మానేసింది.

కాలువ నడుమ మేయరుగారు కాగితం విప్పి, మహారాజుగారు మిక్కిలి సంతోషించి, అని చదవడం మొదలుపెట్టింది. పడవ ఇసుమంతైనా కదలకుండా బారెల్ట్ గెడను అడుగు మట్టిలో దిగేసి పట్టుకున్నాడు. గట్టు పొడుగునా నిలబడ్డ ఆడవాళ్ళను చూశాడు.

"వీళ్ళందరికీ నువ్వే నేర్పావా?" అని మెల్లగా అడిగాడు.

"ఊఁ."

"నాకు చెప్పనే లేదే?"

"ఏ శనివారం అడిగావు గనక?"

బారెల్ట్ గెడను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

సాయంత్రానికి చుట్టాలు వెళ్ళిపోయారు. బారెల్ట్ రంగు డబ్బా, కుంచె తీసుకుని ఈలవేసుకుంటూ కాలువ దగ్గరికి పోయాడు. లోపల తల్లీ కూతుళ్ళు మిగిలిన కేకు సర్దుతున్నారు. హార్మినా గుండెల మీది రిబ్బన్‌ను నాలుగోసారి సరిచేసుకుంది.

"అమ్మా, ఆ బస్సు డ్రైవరు లేడూ," అంది నీన్కె, కిటికీలోంచి బయటికి చూస్తూ, "పడవ ఎంతకిస్తారని అడిగాడు."

"ఎంతకైతే ఇద్దామంటావు?" అంది హార్మినా.

అప్పటిదాకా ఆ ఇంట్లో పడవ అమ్మాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.