మూడు స్తంభాలు, ముగ్గురి పూతలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఇంటాయన, ఇల్లాలు, ఇంటాయన అక్క, తమ్ముడు, బయట మెట్ల మీద బ్రష్షు పట్టుకుని కూర్చున్న రంగులాయన.

అక్కడ వానలు ఎక్కువ, ఎండ తక్కువ. వరండాలోని మూడు కర్ర స్తంభాలే పై గదిని మోస్తున్నాయి. ఆ గదిలో ఇల్లాలు బట్టలు కుడుతుంది. స్తంభాలు పుచ్చితే గది తీసేయక తప్పదని ఇంటాయన ఎప్పుడో చెప్పేశాడు. అందుకే వానలు మొదలయ్యేలోగా పూత పడాలని ఆమె పొద్దున్నే రంగులాయనను పిలిపించింది.

ఏ పూత అన్నది మాత్రం తేలలేదు. ఇంటాయనకు మెరిసే వార్నిష్ కావాలి. తమ్ముడికి మందపాటి రంగు కావాలి. అక్కగారు అవిసె నూనె తప్ప ఇంకో మాట ఎత్తనివ్వదు. మీరేది చెబితే అదే పూస్తానని రంగులాయన ఆవలించాడు. చివరికి తలా ఒక స్తంభానికి పూసి, ఆరాక నీళ్ళు పోసి చూద్దామనుకున్నారు.

మధ్యాహ్నమైనా వార్నిష్ ఆరలేదు. రంగు తోలు ఊడినట్టు జారిపోయింది. నా డబ్బాలో ఏదో కలిపావంటే నువ్వే కలిపావని అన్నదమ్ములు మాటలు మానేశారు. ఇంటాయన పంతం కొద్దీ ఫ్యాను తెచ్చి పెట్టాడు. ఆ గాలికి పై గది మెట్ల మీదున్న గుడ్డపీలికలు, దారప్పోగులు లేచి వార్నిష్‌కు అతుక్కున్నాయి. కాసేపట్లో స్తంభానికి గడ్డం మొలిచింది. దాన్ని పీకబోయి ఇంటాయన అంటుకుపోయాడు. తమ్ముడు మౌనంగానే లాగాడు. మనిషి వచ్చాడు, చొక్కా రాలేదు.

రంగులాయన చొక్కాతో సహా అంతా గీకేశాడు. నీళ్ళు పోస్తే నూనె స్తంభం మీదే కాదు, గీకిన రెండింటి మీదా బొట్లుబొట్లుగా జారిపోయాయి.

"చూశారా, ఉత్త కర్రే నీళ్ళు పీల్చట్లేదు. ఇంక పూతెందుకు? పని ఆపేయండి" అన్నాడు ఇంటాయన.

ఇల్లాలు అడ్డుపడింది. ఈ ఒక్క ఏడాదికైనా పూయించమని బతిమాలింది. ఆయన వినలేదు. గెలిచి కూడా నోరు మూసుకుని ఉండటం అక్కగారి వల్ల కాలేదు.

"ఉత్త కర్ర కాదురా అది. మీరిద్దరూ లేవకముందే మూడింటికీ నూనె పట్టించింది నేను. లేకపోతే మీ పూతలు అలా ఊడేవా?"

"అంటే చెడగొట్టింది నువ్వా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"కాపాడాను" అంటూ ఆమె ఇంకా ఆరని తన నూనె స్తంభాన్ని వాటేసుకుంది.

అన్నదమ్ములు తేరుకునేలోపే ఇల్లాలు నూనె డబ్బా రంగులాయన చేతిలో పెట్టి, దూలాలకు కూడా పూయమంది. రంగులాయన బ్రష్షు ముంచాడు, కాదనడానికి ఇంటాయనకు మొహం చెల్లలేదు.

అక్కగారు విజయగర్వంతో గుమ్మం దాకా వచ్చింది. చీరంతా నూనె, దాని మీద ఫ్యాను గాలికి లేచి అతుక్కున్న రంగురంగుల పీలికలు. ఇల్లాలు ఆవిడను పైనుంచి కిందిదాకా చూసింది.

"నూనే మంచిది వదినా, ఒప్పుకుంటాను. కానీ ఆరేదాకా గాలి తగలాలట" అని తలుపు మూసింది.