బొడ్డపాలెం ఆడపిల్లల యుద్ధట్యాంకు

హైస్కూలుకు వెళ్ళడానికి తమ ఆడపిల్లలకు బస్సు కావాలని బొడ్డపాలెం ఊరంతా వేలిముద్రలేస్తే, మొదటి ప్రపంచయుద్ధం నాటి యుద్ధట్యాంకు మంజూరైంది. పొడవు ఇరవై ఆరడుగులు, బరువు ఇరవై ఎనిమిది టన్నులు, పట్టేది ఎనిమిది మంది. ఆడపిల్లలు తొమ్మిది మంది. ఆ తొమ్మిదో పిల్ల నూకరత్నం.

"మరి నన్నేటి సెయ్యమంటారు బాబూ?" అని ట్యాంకు అప్పగించడానికొచ్చిన గుమస్తాని అడిగింది.

"నడిచి రా. హాజరు మాత్రం ట్యాంకులో వచ్చినోళ్ళకే."

ట్యాంకులో ఊరికే కూర్చుంటే కుదరదు. స్టీరింగుకొకరు, బ్రేకులకొకరు, గేర్లకు ఇద్దరు. మిగతా నలుగురూ తుపాకుల దగ్గర. తుపాకులు పీకేశారు గనక ఆ కంతల్లో అన్నం క్యారేజీలు పెట్టుకున్నారు. ఇంజను నట్టనడుమే, అడ్డుగోడ లేదు, పొగా రొదా అన్నీ లోపలే. ఆ రొదలో గొంతు చించుకున్నా వినపడదు, అన్నీ చేతిసైగలే. నెల తిరిగేసరికి పిల్లలు కిందికి దిగాక కూడా మాటలు మానేశారు.

"ఆడపిల్లలంటే ఇలా ఉండాలి" అని హెడ్మాస్టరు అప్పలాచారి మురిసిపోయారు.

ట్యాంకు నడక గంటకు ఆరు కిలోమీటర్లకు లోపే. నూకరత్నం పొలంగట్ల మీద పడి రోజూ దానికంటే ముందే బడికి చేరేది.

"నానొచ్చీసేనండీ!"

"దేంట్లో వచ్చావు?"

"కాళ్ళతోనండి."

"కాళ్ళు మంజూరు కాలేదమ్మా" అనేవారాయన జాలిగానే. హాజరు లేకపోతే పదో తరగతి పరీక్షకు కూర్చోనివ్వరు.

దసరా ముందు తనిఖీకి అధికారి వచ్చి, ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగారు. ఎనిమిది మందీ ఎర్రబడ్డ కళ్ళతో దగ్గుతూ గొంతులు పట్టుకుని చూపించారు. ఎవరూ ఏమీ అనలేదు గనక ఫిర్యాదుల్లేవన్నారాయన.

"పొగండి బాబూ! సచ్చిపోతన్నారు!" అని నూకరత్నం అరిచింది.

"నువ్వు ట్యాంకులో వస్తావా?"

"లేదండి."

"మరి నీకేం తెలుసు?"

చలికాలంలో గేర్ల దగ్గరి ఈరలక్ష్మి పొగకు సొమ్మసిల్లి మంచాన పడింది. ఆ ఖాళీ నూకరత్నానికిచ్చారు. వాళ్ళమ్మ సంబరపడి ట్యాంకు ముందు కొబ్బరికాయ కొట్టింది.

పరీక్షల ముందు అధికారి మళ్ళీ వచ్చారు. నూకరత్నాన్ని గుర్తుపట్టి, "ఇప్పుడు నీకు చెప్పే అర్హత ఉందమ్మా. పొగ ఉందా?" అని ఎంతో మర్యాదగా అడిగారు.

నూకరత్నం నోరు తెరిచింది. తర్వాత ట్యాంకులోలాగే రెండు చేతులూ లేపి సైగ చేసింది.

"చూశారా, ఎంత ఒద్దికొచ్చిందో!" అన్నారు అప్పలాచారి, ఆమెకు హాజరు వేస్తూ.