మూడు నిమిషాల యాభై సెకన్లు

"నా హయాంలో ఏ ముసలి ప్రాణమూ గోడ కూలి పోవడానికి వీల్లేదు!" అని భవన భద్రతా మంత్రిగారు మైకులో గర్జించారు. మైకు ఊగింది గానీ ఆయన ఊగలేదు. అంత గట్టి మనిషి. మర్నాడే మా జిరాక్సు షాపు ఎదురుగా సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమానికి మూసివేత నోటీసు అంటించేశారు.

మెట్లు ఇరుకట. నిప్పంటుకుంటే అరవై మందీ నాలుగు నిమిషాల్లో బయటపడలేరట. ఈ లెక్కంతా ఆ శాఖ ఇంజనీరుగారు కారు దిగకుండానే తేల్చేశారు. అనుభవమంటే అదీ!

లోపల మా మేనత్త ఉంది, పద్నాలుగేళ్ళుగా. "నాకు వేరే ఇల్లెక్కడుందిరా?" అని బావురుమంది. పరుగున వెళ్ళి ఇంజనీరుగారిని పట్టుకున్నా.

"వీళ్ళనెక్కడికి పంపుతారండీ?"

"అది మా శాఖ కాదండీ. బయటికి పంపడం వరకే మాది."

ఎంత స్పష్టత! నా వెనకే వచ్చిన పెద్ద సిస్టరు మాత్రం పట్టు వదల్లేదు. "నాలుగు నిమిషాల్లో బయటపడి చూపిస్తే?" అంది.

"చూపించండి. మంత్రిగారే వచ్చి చూస్తారు."

మా అత్త రిటైరైన డ్రిల్లు టీచరు. కళ్ళు తుడుచుకుని విజిల్ వెతుక్కుంది. మొదటిరోజు పద్దెనిమిది నిమిషాలు పట్టింది, అందులో పదకొండు చెప్పుల కోసమే.

"చెప్పులొద్దు! కళ్ళజోళ్ళొద్దు! మందుల డబ్బాలొద్దు! ప్రాణమొక్కటే పట్టుకు రండి!" అని అత్త ఆర్డరేసింది.

వారం తిరిగేసరికి ఆశ్రమం అదిరిపోయింది. మంచం దిగని బామ్మల్ని పరుపులతో సహా మెట్ల మీంచి జార్చేవారు. వాళ్ళు కిలకిలా నవ్వి "ఇంకోసారి!" అనేవారు. తొంభై ఒక్కేళ్ళ జడ్జిగారైతే రెయిలింగు మీదే జారొచ్చి, తన తీర్పు తానే చెప్పుకునేవాడు: "నిర్దోషి!"

పరీక్షరోజు మంత్రిగారు స్టాప్‌వాచీతో వచ్చారు. గంట కొట్టారు. అమ్మబాబోయ్, ఆ వరద! పరుపులు, చక్రాల కుర్చీలు, జడ్జిగారు, చివర విజిల్ ఊదుతూ మా అత్త. మూడు నిమిషాల యాభై సెకన్లు! వీధివీధంతా ఈలలు. షాపు వదిలేసి నేనూ గంతులేశాను, సిగ్గెందుకు, ఏడ్చాను కూడా.

"లోపల ఎవరైనా మిగిలారా?" అనడిగారు ఇంజనీరుగారు.

"ఒక్కరంటే ఒక్కరు లేరు!" అంది పెద్ద సిస్టరు, గర్వంగా.

"శభాష్! పోలీసులు అక్కర్లేదు, ఒక్కరి మీదా చెయ్యి పడలేదు!" అని మంత్రిగారు పత్రికలవాళ్ళ వైపు తిరిగారు.

ఇంజనీరుగారు మెట్లెక్కి, రెండు తలుపులూ దగ్గరికి లాగి, తాళమేసి, లక్క కరిగించి సీలు వేశారు.

మా అత్త ఇంకా రొప్పుతూనే ఉంది. "సార్, మేం పాసయినట్టేనా?"

"ఫస్ట్ క్లాసమ్మా!" అన్నారాయన, సీలు ఆరేలా ఊదుతూ.