జంపక్క గొంతుపై ప్రభుత్వ నిర్ణయం

అరవయ్యో దశకంలో ఒక గాయనికి జరిగిన చారిత్రక అన్యాయాన్ని తొంభై రోజుల్లో సరిదిద్దుతామని సాంస్కృతిక మంత్రి జయప్రకాశ్ గారు ఖమ్మం ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. అన్యాయానికి యాభై ఏడేళ్లు పట్టినా న్యాయానికి తొంభై రోజులు చాలన్న ఆ ఆత్మవిశ్వాసానికి, జూలూరుపాడు విలేకరిగా రెండో వరుసలో కూర్చున్న నాకు ఒళ్లు పులకరించింది.

"ఆ గాయని పేరేమిటి సార్?" అని అడిగాను.

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ ఫోన్ వైపు చూశాడు.

"జంపక్క," అన్నారు మంత్రిగారు. "ఈ గడ్డ ఎన్నటికీ మరిచిపోలేని పేరు."

విషయం ఏమిటంటే, అంతకు ముందు నెల ఆయన మేనకోడలి పెళ్లి బరాత్‌లో డీజే జంపక్క పాడిన ఒక పాత రికార్డు పాట వేశాడు. మంత్రిగారు నాలుగు స్టెప్పులు వేశారు. ఆ వీడియోను నాలుగు లక్షల మంది చూశారు. అంతమంది చూశాక దాన్ని చరిత్రలో చేర్చకుండా ఉండటం ఆయనకు సాధ్యం కాలేదు.

జంపక్కది జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న ఇప్పలగుంపు. ఇంట్లో కోయ, సంతలో తెలుగు మాట్లాడే కుటుంబం. ఆమెకు ఇరవై ఏళ్లప్పుడు, కొత్తగూడెం చర్చిలో గిటారు వాయించే తోమాసు ఒక జాతరలో ఆమె పాట విన్నాడు. ఊళ్లో డోలు వాయించే పగిడయ్యను కూడా కలుపుకుని ముగ్గురూ పాటల పార్టీ కట్టారు. డోలు మీద గిటారు, గిటారు మీద జంపక్క గొంతు. రికార్డు వచ్చింది. రేడియో పిలిచింది. దొంగ కలప పట్టడానికి ఊరికొచ్చే ఫారెస్టు గార్డు మీద కట్టిన ఆ పాట ఇది:

*గార్డు సారు వచ్చిండే, కర్ర జూసి పోతనన్నడే*
*కర్ర జూడలే, దుంగ జూడలే, కోడినెత్తుకపోయిండే*

పాట రేడియోలో మూడుసార్లు వచ్చింది. నాలుగోసారికి బదులు జంపక్కకు ఉత్తరం వచ్చింది. 'మీ కంఠస్వరం ప్రసారానికి తగినది కాదని తెలియజేయడమైనది.' కింద ముద్ర. అది 1968.

ముద్ర ఉన్న కాగితాన్ని జంపక్క నమ్మింది. ఆ రోజు నుంచి పాడలేదు. పెళ్లిళ్లలో పాడలేదు, నాట్లలో పాడలేదు. పిల్లలకు జోల కూడా పాడలేదు, ఉయ్యాల ఊపి ఊరుకుంది. తోమాసు చనిపోయేదాకా ఏటా క్రిస్మస్‌కు వచ్చి బతిమాలి వెళ్లేవాడు.

ఇదంతా వెలికి తీయడానికి మంత్రిగారు 'జంపక్క సంగీత పునర్మూల్యాంకన కమిటీ' వేశారు. చైర్మన్ డాక్టర్ ప్రభాకర్ గారు. ఇంతకంటే అర్హుడు దొరకడు. ఎందుకంటే ఇరవై ఏళ్ల కింద, ఇలాంటివి జానపదానికి ప్యాంటు తొడిగిన పాటలని తీసిపారేసింది ఆయనే. ఇప్పుడు ఆ ప్యాంటే ఆధునికతకు తొలి అడుగని ఆయన కనిపెట్టారు. ఒకే ప్యాంటును రెండుసార్లు కనిపెట్టడం మామూలు పాండిత్యం కాదు.

కమిటీ నాలుగు బండ్లలో ఇప్పలగుంపు వెళ్లింది. నేను నాలుగో బండిలో ఉన్నాను. జంపక్క వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. కోడలు భీమక్క మంచాలు వాల్చింది.

"అమ్మా, మీ పాటలో కోడి అంటే జీవాత్మ కదా?" అని చైర్మన్ గారు మొదలుపెట్టారు.

"కోడంటే కోడే సారూ. ఎర్ర పెట్ట. గుడ్ల మీద ఉండె."

"మరి గార్డు? కాలపురుషుడా?"

"గార్డంటే గార్డే. మీసాలుండె."

చైర్మన్ గారు ఫైల్లో ఏదో రాసుకున్నారు. పక్కనుంచి చూశాను. 'ప్రతీకల గురించి గాయని మౌనం వహించారు' అని ఉంది.

జంపక్క లోపలికి వెళ్లి, రేషన్ కార్డుతో పాటు దాచిన ఉత్తరం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మడతల దగ్గర అది నాలుగు ముక్కలైంది.

"ఈ కాయితం ఒక్కటి రద్దు చేయిండ్రి సారూ. ఇంకేం వద్దు."

"నేనీ ఇంటికొచ్చి ముప్పై ఏండ్లయింది," అంది భీమక్క నాతో, గొంతు తగ్గించి. "ఒక్కనాడు మా అత్త కూనిరాగం తీయంగ ఇనలే."

చైర్మన్ గారు శాస్త్రీయంగా వెళ్లే మనిషి. ఫోన్‌లో శ్రుతి చూసే యాప్ తెరిచి ఆమె నోటి ముందు పెట్టి, ఒక్క స్వరం పలకమన్నారు. జంపక్క కొంగుతో నోరు తుడుచుకుంది. కళ్లు మూసుకుని "ఊఁ" అంది. యాప్‌లో పచ్చ లైటు వెలిగింది. వెలిగి, ఆమె ఊపిరి అయిపోయేదాకా కదలలేదు. డ్రైవర్లు కూడా ఇటు తిరిగి చూశారు.

"బాగుంది," అన్నారు చైర్మన్ గారు, యాప్ చూస్తూ.

"గట్లనా? అయితే పాడొచ్చునా సారూ?"

"జీవో వచ్చేదాకా ఆగండమ్మా. తొందరపడితే ప్రొసీజర్ దెబ్బతింటుంది."

యాభై ఏడేళ్లు ఆగిన మనిషికి ఇంకో నలభై రోజులు ఆగడం పెద్ద పని కాదు. ఆగింది.

జీవో వచ్చింది. జంపక్క కంఠస్వరం ప్రసారానికి అన్ని విధాలా తగినదనీ, ఈ ఉత్తర్వు 1968 నుంచే వర్తిస్తుందనీ అందులో ఉంది. ఒక్క సంతకంతో యాభై ఏడేళ్ల మౌనం పాటగా మారిపోవడం ప్రజాస్వామ్యంలోనే సాధ్యం. ఈ మాట నేను వార్తలో కూడా రాశాను.

భీమక్క జీవోను రెండుసార్లు చదివి వినిపించింది. ఆ పొద్దే పత్తి చేలో కలుపు తీస్తూ జంపక్క పాట ఎత్తుకుంది. మొదటి చరణంలో గొంతు రెండు చోట్ల జారింది. మూడో చరణానికి నిలబడింది. భీమక్క కలుపు కొడవలి పక్కన పెట్టి సాలులోనే కూర్చుండిపోయింది. కర్ర పొడుచుకుంటూ పగిడయ్య వచ్చాడు.

"ఏందే జంపక్కా, నీ గొంతేనా?"

"నాదే. సర్కారు ఒప్పుకుంది."

"సర్కారు సంగతి ఇడిసిపెట్టు. డోలు తెస్తా, ఉండు," అన్నాడు పగిడయ్య.

గొంతు సమస్య తీరాక సాహిత్యం సమస్య వచ్చింది. సన్మాన సభలో పాడబోయే పాటలో గార్డు కోడిని ఎత్తుకుపోవడం శాఖ గౌరవానికి భంగమని అటవీ శాఖ వారు రాశారు. చైర్మన్ గారు వెంటనే గార్డును గద్దగా మార్చారు. గద్ద రక్షిత పక్షి అనీ, దాని మీద దొంగతనం మోపడం తగదనీ అదే శాఖలోని ఇంకో విభాగం రాసింది. గద్దను పిల్లిగా మారిస్తే, పిల్లి కర్ర చూడటానికి ఎందుకు వస్తుందని ఆర్థిక శాఖ కొర్రీ వేసింది. పాటలతో ఆర్థిక శాఖకు ఏం సంబంధమని ఎవరూ అడగలేదు. కొర్రీలో న్యాయం ఉంది కాబట్టి. చివరికి అన్ని శాఖలూ సంతకం పెట్టిన పాఠం ఇది:

*ఎవరో ఒకరు వచ్చిండే, ఏదో జూసి పోతనన్నడే*
*ఏది జూడలే, ఏం జెయ్యలే, ఏదో ఎత్తుకపోయిండే*

మంత్రిగారికి ఇది అసలు పాట కంటే నచ్చింది. "ఇందులో అందరూ ఉన్నట్టు అనిపిస్తోంది," అన్నారట.

తొంభయ్యో రోజు పొద్దున జూలూరుపాడు గ్రౌండ్‌లో సభ. షామియానా, వెయ్యి ప్లాస్టిక్ కుర్చీలు, కారేపల్లి నుంచి కూడా జనం. మంత్రిగారు జంపక్కకు శాలువా కప్పారు. శాలువా కప్పేటప్పుడు ఆయన కెమెరా వైపే చూస్తారు. ప్రజలతో నేరుగా మాట్లాడే పద్ధతి అది. అందుకే శాలువా కొంత జంపక్క మీదా, మిగతాది పక్కనున్న మైకు స్టాండు మీదా పడింది.

జంపక్క మైకు అందుకోబోయింది. చైర్మన్ గారు మెల్లగా ఆపారు.

"అమ్మా, పాట హైదరాబాద్‌లో రికార్డు చేయించాం. మంచి ఆర్టిస్టు పాడింది. మీరు పెదాలు కదిపితే చాలు."

"మరి నా గొంతు?"

"మీ గొంతు బాగుందని ప్రభుత్వమే జీవో ఇచ్చింది కదమ్మా. ఇంక మళ్లీ వినడం దేనికి?"

జంపక్క ఆయన చేతుల వైపు చూసింది. యాప్ కోసం వెతుకుతోందేమో అనుకున్నాను. తర్వాత శాలువా తీసి, మడిచి, కుర్చీలో పెట్టింది. మెట్లు దిగి, షామియానా వెనక నీళ్ల ట్యాంకరు నీడకు వెళ్లి కింద కూర్చుంది. డోలు పట్టుకుని పగిడయ్య, చెప్పులు చేతబట్టుకుని భీమక్క ఆమె వెనకే వెళ్లారు.

ఇక్కడ హైదరాబాద్ పాట పెదాలు లేకుండానే మోగి అయిపోయింది. మంత్రిగారు ప్రసంగం మొదలుపెట్టారు. అక్కడ డోలు మోగింది.

గొంతు మైకు లేకుండానే వచ్చింది. ఎనభై ఏళ్ల గొంతు, అడుగున కొంచెం బొంగురు, పైన కొత్త గిన్నె మోగినట్టు ఖంగున. గార్డు గార్డుగానే వచ్చాడు, మీసాలతో సహా. కోడి కోడిగానే పోయింది. వెనక వరుసలో ఎవరో పెద్దగా నవ్వారు. ఆ వరుస లేచింది. కుర్చీలు నెత్తిన పెట్టుకుని అటు నడిచింది. తర్వాత దాని ముందు వరుస. కళాకారుల సంక్షేమం గురించి మంత్రిగారు చెబుతుండగానే సంక్షేమం చాలా దూరం వెళ్లిపోయింది. చివరికి వేదిక ముందు నేను మిగిలాను, నా కుర్చీ కూడా ఎవరో అడిగి పట్టుకెళ్లారు.

"జనం ఏరయ్యా?" అని మంత్రిగారు మైకులోనే అడిగారు.

"సంస్కృతి వైపు కదిలారు సార్," అన్నారు చైర్మన్ గారు.

మంత్రిగారు వేదిక దిగి ట్యాంకరు వైపు నడిచారు. మేమూ వెనకే. మనుషుల మధ్య నుంచి దారి చేసుకుని ముందుకు వెళ్లి, కాసేపు నిజంగానే విన్నారు. ఆయన కాలు తాళం వేయడం నా కళ్లతో చూశాను.

"ఏం గొంతయ్యా!" అన్నారు. "ఎవరీ ముసలమ్మ? జంపక్కకు సన్మానం చేసే రోజున ఈవిడను కూడా పిలవాల్సింది కదా?"

చైర్మన్ గారు పీఏను చూశారు. పీఏ ఫోన్ చూశాడు. మంత్రిగారు కింద కూర్చున్న భీమక్క భుజం తట్టి, "అమ్మా, ఎవరామె?" అని అడిగారు.

భీమక్క తల తిప్పలేదు. ఆమె చెంపలు తడిసి ఉన్నాయి.

"అడ్డం నిలవడ్డవు," అంది. "జర పక్కకు జరుగు సారూ, ఇననియ్యి."

మంత్రిగారు పక్కకు జరిగారు.