మిగతా ఇరవై మూడు కుళాయిలు

"పోయినేడాదితో పోలిస్తే ఈ ఏడాది చివరికి ఊళ్లో కుళాయిల మొత్తం సరిగ్గా రెట్టింపైంది!" అని మంచినీళ్ల మంత్రిగారు సభలో ప్రకటించగానే నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. మా వీధికి ఉన్నది ఒక్కటే కుళాయి. దాని దగ్గర బకెట్టు వరసలో పెట్టే సభకొచ్చాను. అయినా ఘనతను ఘనత అని ఒప్పుకోవాలి కదా.

ఆ ఘనత పుట్టినప్పుడు మా బావమరిది పక్కనే ఉన్నాడు. శాఖలో కంప్యూటర్ రిపోర్టులు తీసేది వాడే. వీధివారీగా, నెలవారీగా, ఏడాదివారీగా ఎటు తిప్పితే అటు లెక్క చూపించే డేటా క్యూబ్ ఒకటుందని వాడు చెబితే, "ఏదీ, ఇలా తే, నేనూ తిప్పుతా" అన్నారట మంత్రిగారు. అది కంప్యూటర్లోనే ఉంటుందని తెలిశాక కాస్త చిన్నబుచ్చుకున్నారట.

కొత్త కుళాయి ఒక్కటీ వేయలేదు కాబట్టి రిపోర్టులో గ్రాఫు గీత పైకి లేవనంది. మంత్రిగారు ఆలోచించారు.

"ఉన్న కుళాయిల్నే నెలనెలా కలుపుకుంటూ పో."

"కలపాల్సింది కొత్తగా వేసినవి సార్. ఇలాగైతే ఒకే కుళాయి ప్రతి నెలా లెక్కలోకొస్తుంది."

"ఈ నెల కూడా ఆ కుళాయి ఉందా, లేదా?"

"ఉంది సార్."

"ఎవరూ ఎత్తుకుపోకుండా చూసిందెవరు?"

బావమరిది అలాగే కలిపాడు. కొత్త ఏడాది రాగానే మళ్లీ ఉండబట్టలేక, "ఏడాది మారింది సార్, మొత్తం సున్నా నుంచి మొదలెట్టాలి" అన్నాడు.

"సున్నానా? నా శాఖలోనా?"

గీత ఆగకుండా పైకెక్కింది.

సభ నుంచి ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, "అన్ని పెరిగితే మనకి ఇంకొకటి అడగరాదూ? ఆ వరసలో నిలబడలేక నా నడుం పడిపోతోంది" అంది. మర్నాడే అర్జీ పెట్టాను.

వారం తిరక్కుండా బావమరిది మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"బావా, క్యూబులో మీ వీధికి ఇరవై నాలుగు కుళాయిలున్నాయి."

"ఒకటేరా! రెండేళ్లుగా దాన్నే కదా నువ్వు కలుపుతున్నది!"

"నాకు తెలుసు బావా, క్యూబుకి తెలీదు. నీ అర్జీ చూసి పైవాళ్ల కన్ను మీ వీధి మీద పడింది. మిగులు కింద ఒకటి తీసి మంత్రిగారి తోటలో పెడతారట."

వాడి మాట పూర్తవకుండానే వీధిలో రెంచి చప్పుడైంది. నేను పరుగెత్తేసరికి ఫిట్టర్ కుళాయి ఊడదీసి, పైపుకి బిరడా కొడుతున్నాడు.

"కంగారుపడకండి సార్, ఒక్కటే తీయమన్నారు. మిగతా ఇరవై మూడూ మీకే" అని కాగితం చాపాడు. అవన్నీ మంచి కండిషన్‌లో ఉన్నాయని నేను సంతకం పెట్టాలట. ప్రభుత్వ కాగితం కదా, పెట్టాను.

ఫిట్టర్ కుళాయిని సంచిలో వేసుకుని, నుదుటి చెమట తుడుచుకుని, ఖాళీ బకెట్టుతో నిలబడ్డ మా ఆవిణ్ణి అడిగాడు. "కాసిని మంచినీళ్లిస్తారా అమ్మా? గొంతెండిపోతోంది."

"దానికేం నాయనా," అంది మా ఆవిడ, "ఆ ఇరవై మూడింట్లో నీకు నచ్చింది తిప్పుకుని తాగు."